స్తంభానికి అతికించిన క్యూఆర్ కోడ్‌ను నమ్మొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బండి పార్కింగ్ గురించే. ఒడిశాలోని బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, జయపురం నుంచి రాశారు. ఒక్కొక్కరు ఒక్కో ఊరి బజారు గురించి రాశారు కాబట్టి ఏ ఊళ్లో జరిగిందో పేరు పెట్టడం లేదు. ఫిర్యాదు మాత్రం ఒకటే. నిన్నటిదాకా బండికి ఇంత అని చిల్లర ఇచ్చి చీటీ తీసుకునేవాళ్లం. ఇప్పుడు గంటల లెక్క వచ్చింది, డబ్బు ఫోన్‌లో కట్టమంటున్నారు, చీటీ ఇచ్చే మనిషి కనపడడం లేదు.

మా అబ్బాయి బజారులో బైకు పెట్టి, స్తంభానికి అతికించిన కోడ్ స్కాన్ చేసి 20 రూపాయలు కట్టాడు. తిరిగొచ్చేసరికి వసూలు చేసే కుర్రాడు ‘మాకు డబ్బు పడలేదు, మళ్లీ కట్టు’ అన్నాడు. ఫోన్‌లో చూస్తే డబ్బు ఎవరో వ్యక్తి పేరు మీద వెళ్లింది. తప్పు ఎవరిది? – బరంపురం

మీ అబ్బాయిది కాదు. కాపలా లేని స్తంభం మీద కాగితం అతికించి, దాన్నే గల్లాపెట్టె అనుకోమన్నవాళ్లది. అసలు కోడ్ మీద ఇంకో స్టికర్ అతికించడానికి ఐదు సెకన్లు పట్టదు. కిరాణా కొట్లో అయితే సౌండ్ బాక్స్ మోగకపోతే కొట్టువాడికి వెంటనే తెలిసిపోతుంది. రోడ్డు మీద ఎవరికి తెలుస్తుంది? పోయింది 20 రూపాయలే కదా అని ఎవరూ ఫిర్యాదు చేయరు. మోసగాడికి కావలసింది కూడా అదే.

ఆ నలుపు తెలుపు గళ్లలో ఉండేది ఒక చిన్న వాక్యం. డబ్బు ఏ యూపీఐ ఐడీకి పోవాలి, ఆ ఐడీ ఎవరిది, ఒక్కోసారి ఎంత కట్టాలి. ఇందులో పేరు కోడ్ తయారుచేసినవాడు రాసుకున్నదే. ‘పార్కింగ్ ఫీజు’ అని పెట్టుకున్నా ఆపేవాళ్లు లేరు. అందుకే 2025 జూన్ 30 నాటికి యూపీఐ యాప్‌లన్నీ బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆదేశించింది. పిన్ కొట్టే ముందు తెర మీద కనిపించే ఆ పేరు చదవండి. బోర్డు మీద ఉన్న సంస్థ పేరో, కాంట్రాక్టరు పేరో కాకుండా సంబంధం లేని వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆగిపోండి. అలాగే యాప్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోండి.

నాకు ఇంతకంటే టెన్షన్ పెట్టే విషయం ఇంకొకటి ఉంది. అతికించిన కోడ్ అసలు యూపీఐ కోడే కాకపోవచ్చు. 2022 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో పార్కింగ్ మీటర్లకు ఎవరో ఇలాంటి స్టికర్లు అతికించారు. స్కాన్ చేస్తే డబ్బు కట్టే పేజీలా కనిపించే నకిలీ వెబ్‌సైటు తెరుచుకునేది. ఆ నగరం మీటర్లకు క్యూఆర్ కోడ్ వాడటమే లేదు. మన దగ్గర అలాంటి పేజీ కార్డు నంబరు అడిగి, ఆపైన ఓటీపీ అడిగితే పోయేది 20 రూపాయలు కాదు, ఖాతాలో ఉన్నదంతా. అందుకని రోడ్డు పక్క కోడ్‌ను ఫోన్ కెమెరాతో స్కాన్ చేయకండి. యూపీఐ యాప్ తెరిచి, అందులోని స్కానర్‌తోనే చేయండి. వెబ్ లింకు అయితే యాప్ దాన్ని పేమెంట్‌గా తీసుకోదు. కెమెరా అయితే నేరుగా బ్రౌజర్‌లోకి తీసుకుపోతుంది.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. వసూలు చేసే కుర్రాడి చేతిలో మిషన్ ఉండాలి. అతను బండి నంబరు కొడితే ఆ బండికి, ఆ మొత్తానికి మాత్రమే పనికొచ్చే కోడ్ తెర మీద రావాలి, కట్టగానే రసీదు రావాలి. ప్రతిసారీ మారే కోడ్ మీద స్టికర్ వేయడం కుదరదు. పెట్రోలు బంకుల్లో రోజూ చూస్తున్నదే ఇది. మిషన్లకు డబ్బు లేదంటే చిల్లర తీసుకుని చీటీ ఇవ్వండి. ఆ పాత పద్ధతిలో కనీసం ఒక మనిషి జవాబుదారీగా ఉండేవాడు. గంటల లెక్క రేట్ల మీద నాకు అభ్యంతరం లేదు. పొద్దున పెట్టిన బండి రాత్రిదాకా కదలకపోతే బజారుకొచ్చే మిగతావాళ్లకు చోటు దొరకదు. కానీ రేటు పెంచిన రోజే రసీదు తీసేయడం మాత్రం నాకు మింగుడుపడడం లేదు.

మీ అబ్బాయి కట్టిన చోట స్టికర్ ఇంకా ఉండే ఉంటుంది. ఫోటో తీసి, పేమెంట్ వివరాలతో సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు చెప్పండి. చిన్న మొత్తమే అని వదిలేస్తే రేపు అదే స్తంభం దగ్గర ఇంకొకరు కడతారు.

డబ్బు ఖాతాలోంచి కట్ అయింది, కానీ మిషన్‌లో ‘ఫెయిల్డ్’ అని వచ్చింది. వెనక హారన్లు కొడుతుంటే రెండోసారి కట్టి వచ్చేశాను. మొదటి డబ్బు వస్తుందా? – పర్లాకిమిడి

వస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నియమం ప్రకారం దుకాణదారుకు చేరని యూపీఐ డబ్బును, కట్టిన రోజు కాక ఐదు రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే వెనక్కి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం కూడా ఇవ్వాలి. యాప్ హిస్టరీలో ఆ పేమెంట్ తెరిస్తే 12 అంకెల నంబరు కనిపిస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి. ఒకవేళ రెండు పేమెంట్లూ సక్సెస్ అయ్యాయంటే మాత్రం బ్యాంకు ఏమీ చేయదు, తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి.

పార్కింగ్ యాప్‌లో గంటకు కట్టాను. టైమ్ అయిపోతోందని నోటిఫికేషన్ రాలేదు. రెండు నిమిషాలు దాటితే రెండు గంటల డబ్బు తీసుకుంది. – బరంపురం

నోటిఫికేషన్ రాకపోవడానికి కారణం చాలాసార్లు మీ ఫోనే. బ్యాటరీ మిగులుతుందని గొప్పలు చెప్పుకోవడానికి తక్కువ ధర ఫోన్లు తెర ఆరగానే యాప్‌లను నొక్కి పడుకోబెట్టేస్తున్నాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయండి. అంతకంటే నమ్మకమైనది, కట్టగానే ఫోన్ గడియారంలో 50 నిమిషాలకు అలారం పెట్టుకోవడం. రెండు నిమిషాలకు గంట డబ్బు తీసుకునే యాప్ రాసినవాళ్లు, ఒకరోజు తమ అమ్మను మందుల షాపుకు తీసుకెళ్లి ఆ యాప్‌తోనే బండి పెట్టి చూడాలి. పది నిమిషాల వెసులుబాటు ఇవ్వడానికి ప్రోగ్రాములో ఒక్క లైను చాలు.

మా ఆయన వాట్సాప్‌కు మా బండి నంబరుతో సహా ‘పార్కింగ్ బాకీ ఉంది, చలానా చూడండి’ అని ఒక ఫైల్ వచ్చింది. తెలిసినాయన నంబరు నుంచే వచ్చిందని నొక్కారు. ఏమీ తెరుచుకోలేదు. భయపడాలా? – జయపురం

భయపడాలి, అది కూడా ఇప్పుడే. నొక్కితే ఏమీ తెరుచుకోలేదంటే యాప్ లోపలికి వెళ్లి దాక్కుందని అర్థం కావచ్చు. ఫైల్ పేరు చివర ‘ఏపీకే’ అని ఉందేమో చూడండి. ఉంటే అది చలానా కాదు, ప్రోగ్రాము. ఇలాంటివి ముందుగా మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతాయి. ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీలు మీకంటే ముందు వాళ్లకు చేరతాయి. ఆ తర్వాత మీ ఫోన్ నుంచే మీవాళ్లందరికీ అదే ఫైల్ పంపుతాయి. తెలిసినాయన నంబరు నుంచి మీకు వచ్చింది అలాగే. ఇక బండి నంబరు అంటారా, అది వెనక ప్లేటు మీద రోడ్డంతా చదువుకునేదే. మెసేజ్‌లో మన నంబరు ఉందంటే అది సర్కారు నుంచి వచ్చినట్టు కాదు.

వెంటనే ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంకో ఫోన్ నుంచి, పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్న నంబరుకే ఫోన్ చేసి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. నంబరు గూగుల్‌లో వెతక్కండి, అక్కడ నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు తగులుతున్నాయి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితా చూడండి. హోమ్ స్క్రీన్ మీద బొమ్మ లేకపోయినా జాబితాలో ఉంటుంది. డిలీట్ కాకపోతే ‘యాక్సెసిబిలిటీ’, ‘డివైస్ అడ్మిన్’ అనే చోట్ల దానికి ఉన్న అనుమతి తీసేసి మళ్లీ ప్రయత్నించండి. నా సలహా అయితే ఫోటోలు, నంబర్లు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. డబ్బు పోయి ఉంటే 1930కి చేసే ఫోన్ గంట ఆలస్యం కాకూడదు. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉండగానే దాన్ని ఆపగలుగుతారు.

నిజంగా చలానా ఉందో లేదో తెలుసుకోవాలంటే, వచ్చిన లింకు నొక్కకుండా ‘పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్’ అని మీరే టైపు చేసి చూడండి. రేట్లు కొత్తగా మారిన రోజుల్లో ‘నిజంగానే కట్టలేదేమో’ అని ప్రతి ఒక్కరికీ అనుమానం ఉంటుంది. ఈ మోసాలు ఆ అనుమానం మీదే నడుస్తాయి.

ఇచ్ఛాపురం నుంచి బరంపురం వెళ్తుంటాం. బజార్లలో రేట్ల బోర్డు ఒడియాలో ఉంటుంది, యాప్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఫోన్ భాష తెలుగుకు మారిస్తే యాప్ తెలుగులో వస్తుందా? – ఇచ్ఛాపురం

రాదు. యాప్ చేసినవాళ్లు తెలుగు పెడితేనే వస్తుంది. ఒడియా బోర్డును మాత్రం ఫోన్‌లోని అనువాద యాప్ తెరిచి, కెమెరాతో ఫోటో తీసి చదివించుకోవచ్చు. ఎండలో వెలిసిపోయిన బోర్డును అది తప్పుగా చదువుతుంది, అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.

మీ ప్రశ్నకు జవాబు ఇంతే. కానీ ఈ మాట ఇక్కడితో వదలలేను. బరంపురం తెలుగు ఇళ్లలో ఒడియా మాట్లాడనివాళ్లు తక్కువ. చదవడం దగ్గరే తేడా. పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా అక్షరాలు రావు. వాళ్ల మనవలు ఒడియా బడిలో చదివారు, తెలుగు కూడబలుక్కుంటారు. ఇప్పుడొక పది రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పండి. దాని విలువ 15 భాషల్లో వరసగా రాసి ఉంటుంది, అందులో ఒడియా ఉంది, తెలుగూ ఉంది. జేబులో నోటుకు ఉన్న మర్యాద దాని బదులు వచ్చిన యాప్‌కు ఎందుకు లేదు? బటన్ ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చారు, మంచి పని. కానీ నడిరోడ్డు మీద స్కూటర్ ఆపుకున్న 70 ఏళ్ల పెద్దాయన ఫోన్‌లో మెనూ వింటూ నంబర్లు నొక్కుతూ నిలబడాలా? రేటు ఎవరైనా మార్చుకోవచ్చు. మార్చిన రేటు ఆ వీధిలో తిరిగే మనుషులు చదవగలిగే భాషల్లో బోర్డు మీద ఉండాలి, నోటు ఇస్తే తీసుకునే మనిషి అక్కడ ఉండాలి.

3,000 రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నాను. పార్కింగ్‌లో కూడా డబ్బు కట్ అయింది. పాస్ పని చేయడం లేదా? – రాయగడ

పని చేస్తోంది. 2025 ఆగస్టు 15న మొదలైన ఆ పాస్ ఏడాదికి లేదా 200 ట్రిప్పులకు, అదీ జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర మాత్రమే చెల్లుతుంది. పార్కింగ్‌లో అదే ట్యాగ్ మామూలు ఫాస్టాగ్‌లా పని చేసి, మీ బ్యాలెన్స్‌లోంచి తీసుకుంటుంది. ట్యాగ్‌కు కలిపిన వాలెట్‌లో ఎక్కువ డబ్బు ఉంచకండి. బండి ఇంటి దగ్గర ఉండగా డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తే, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు అదే రోజు ఫిర్యాదు చేయండి. ఆ సమయానికి బండి ఎక్కడ ఉందో చూపే ఫోటో ఏదైనా ఉంటే జత చేయండి.