మానేసే ముందు ఒకసారి ఇది చదువు

ఒరేయ్ నాన్నా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి పర్యావరణ రంగంలోకి వెళ్తానన్నావట. "అంతా నీ వల్లే" అని వాడు నా మీద పడ్డాడు. వాడికి ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాక నాకు కాసేపు కాలు నిలవలేదు. మనింట్లో నా తర్వాత ఇంకొకరు ఈ దారి పడతారని నేనెప్పుడూ అనుకోలేదు. ఒకేసారి మూడు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరావని కూడా చెప్పాడు చూడు, టెన్షన్ మొదలైంది అక్కడే.

సాఫ్ట్‌వేర్ల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. పైథాన్ వచ్చు. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ ఉచితమే, కూర్చుంటే వచ్చేస్తుంది. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి ఎవరికైనా ఉచితం. స్టాటిస్టిక్స్ కాలేజీలో పాసవడానికి చదివావు, ఈసారి అర్థమయ్యేలా చదువు.

అన్నీ నేర్చుకుంటానని మాత్రం బయల్దేరకు. నీళ్లో, గాలో, చెత్తో, అడవులో, కర్బన లెక్కలో, ఏదో ఒకటి గట్టిగా పట్టుకో. ఇప్పుడు గిరాకీ కర్బన లెక్కలకే, అంటే ఒక కంపెనీ వల్ల గాల్లోకి ఎంత కర్బనం పోతోందో లెక్కగట్టే పనికే ఉంది. 2023లో ఐఎస్ఎస్‌బీ అనే అంతర్జాతీయ ప్రమాణాల బోర్డు వాతావరణ మార్పు వివరాల వెల్లడికి ప్రమాణం తెచ్చాక కంపెనీల్లో హడావిడి ఇంకా పెరిగింది. సొంత బాయిలర్ల నుంచీ బళ్ల నుంచీ వచ్చేది స్కోప్ 1, కొన్న కరెంటుది స్కోప్ 2. ఈ రెండూ బిల్లులు పట్టుకుని లెక్క కట్టేయొచ్చు. సరుకు అమ్మేవాళ్ల దగ్గర్నుంచి వాడేవాళ్ల దాకా మిగతాదంతా స్కోప్ 3. చాలాచోట్ల అక్కడ ఏం చేస్తారంటే, పెట్టిన ఖర్చుని, రూపాయికి ఇంత కర్బనం అనే ఒక సగటు గుణకంతో గుణించి ఊరుకుంటారు. ఆ గుణకం ఏ దేశానిది, ఏ ఏటిది అని అడిగేవాడు లేడు. ఆ అడిగేవాడివి నువ్వు కావాలి. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే నీకు ఒక చెరువు గురించి చెప్పాలి.

అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. మేం పనిచేసే సంస్థకి ఒక పెద్ద చెరువు సర్వే వచ్చింది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చ రంగులో ఉండేవి. కరిగిన ఆక్సిజన్ కొలవాలి. అప్పట్లో మాది వింక్లర్ పద్ధతి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాని ఒక్క బుడగ కూడా లేకుండా నింపి, అక్కడే గట్టు మీద మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి అడుక్కి దిగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. అక్కడ ప్రతి సీసాలోనూ ముదురుగానే దిగింది. తర్వాత చుక్కచుక్కగా రసాయనం పోసి కొలిచే టైట్రేషన్‌లో వచ్చిన అంకెలు చూసి మా పెద్దాయన మురిసిపోయాడు. రిపోర్టులో "ప్రాణవాయువు పుష్కలం" అని రాసి సంతకం పెట్టాడు.

కొద్ది వారాలకే ఒక తెల్లారుజామున చెరువులో చేపలన్నీ తేలిపోయాయి.

విషమేదో కలిసిందని అందరూ అన్నారు. అదేం కాదు. నీళ్లలో నాచు పగలంతా ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా చెరువులో మిగతా ప్రాణులతో పాటు తనూ పీల్చుకుంటుంది. సూర్యుడు రాబోయే ముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో గాలి నుంచి కరిగేది లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాములే. మాకొచ్చిన అంకెలు అంతకన్నా చాలా ఎక్కువ. అసలు అనుమానం రావాల్సింది అక్కడే. మధ్యాహ్నం అంత పొంగిందంటే రాత్రికి అంతా పడిపోతుందని లెక్క.

మరి మేం ఎప్పుడు కొలిచాం? ప్రతిసారీ మిట్టమధ్యాహ్నమే. ఎందుకంటే ఆఫీసు జీపు పదింటికి బయల్దేరేది! ఫారంలో "సమయం" అని ఒక గడి ఉంది, అది ఎవరూ నింపలేదు. ఇంతకన్నా కడుపు మండే సంగతి ఇంకోటుంది. అక్కడ వల వేసుకునే ముసలాయన మాకు ముందే చెప్పాడు, "పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయమ్మా" అని. ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడే లేదు. మా సీసాలు శుభ్రం, రసాయనాలు సరైనవి, టైట్రేషన్‌లో తేడా లేదు. ఆ రిపోర్టులో ఏ అంకెనీ తప్పుపట్టలేం, అయినా చేపలు చచ్చాయి.

ఇప్పుడు సెన్సర్లున్నాయి కదత్తా, పావుగంటకోసారి కొలుస్తాయి అంటావు. నిజమే. కానీ నువ్వు అంతగా నమ్ముకున్న సెంటినెల్-2 ఉపగ్రహం ఏ చోటి మీద నుంచైనా వెళ్లేది ఆ చోటి సౌరకాలం ప్రకారం పొద్దున పదిన్నర ప్రాంతంలోనే. అది కూడా మా జీపే. తెల్లవారకముందు ఏం జరిగిందో దానికి తెలీదు. ఇంకోటి, మ్యాపులో పచ్చదనం పెరిగిందని సంబరపడకు, గుర్రపుడెక్క కూడా పచ్చగానే ఉంటుంది. చౌక గాలి సెన్సర్ల సంగతీ అంతే. గాలిలో తేమ బాగా పెరిగితే దుమ్ముకణాలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, సెన్సరు పీఎం 2.5ని, అంటే బాగా సన్నటి దుమ్ముని, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

అందుకే ఆ మూడు కోర్సుల్లో రెండు మానెయ్. ఆ టైములో వారానికి ఒక రోజు ఏదైనా నీళ్ల ల్యాబులో ఊరికే పనిచేస్తానని అడుగు. సీసాలు కడగమంటారు, కడుగు. నమూనా తీసిన చోటి నుంచి రిపోర్టులో అంకెగా మారేదాకా దాని వెంటే వెళ్లు. అక్కడి మనుషులతో మాట్లాడటం కూడా పనిలో భాగమే, నీకది అస్సలు రాదు. పండగకి వచ్చి కూడా ఫోన్లో తల పెట్టుకుని కూర్చునేవాడివి.

ఏఐతో రిపోర్టులు రాయించుకో, నేను కాదనను. కానీ అది లేని చట్టాలనీ లేని పరిశోధనలనీ ఉన్నట్టే చక్కగా రాసిపెడుతుంది. ప్రతి ఆధారాన్నీ నువ్వే తెరిచి చూడు.

ఇంకొక్కటి. దీనికి మాత్రం ఎదురు చెప్పకు. మ్యాన్‌హోల్ గానీ, మూతున్న ట్యాంకు గానీ, పాత బావి గానీ, ఒక్క నిమిషమే కదా అని దిగావో ఊరుకోను. అలాంటి చోట్ల పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. 100 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతులకి వంద వంతులు, దాటేసరికి ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయింది కదా, ఇక పర్లేదు అనుకుంటావు. గ్యాస్ మీటరు లేకుండా, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా ఎవరు దిగమన్నా దిగకు. లోపల పడిపోయినవాణ్ని లాగడానికి దిగి, వాళ్లూ తిరిగిరాని సంగతులు నేను చాలా విన్నాను. ఉద్యోగం పోతే పోనీ. నువ్వు మాకు కావాలి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ల్యాబు పని ఒక ఆర్నెల్లు చూసేదాకా రాజీనామా ఇవ్వవని వాడికి మాటిచ్చేస్తున్నాను, నా పరువు తీయకు. రెజ్యూమె నాకు పంపు. అందులో ఎక్కడైనా "ప్రకృతి ప్రేమికుణ్ని" అని రాసి ఉంటే నువ్వే కొట్టేసి పంపు.

మీ అత్త