డ్రాయింగ్ పీరియడ్ మాథ్స్ సార్‌కి ఇచ్చేశారా?

ప్రశ్న: మాది పుత్తూరు పక్కన జడ్పీ హైస్కూలు. నేను సోషల్ చెప్తాను. మా డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు, ఆ పీరియడ్లు మాథ్స్‌కీ సైన్స్‌కీ పంచేశారు. మ్యూజిక్ అయితే ముందునుంచే లేదు. స్కూళ్ళలో కళలు నేర్పడానికి సాయం చేసే సంస్థలు ఉన్నాయంటారు కదా, అవి మాలాంటి పల్లెటూరి స్కూలుకి వస్తాయా? ఎవర్ని పట్టుకోవాల?
– సోషల్ మేడమ్, పుత్తూరు దగ్గర

జవాబు: వస్తాయి మేడమ్. కాకపోతే ఏ సంస్థ ఏ పనికొస్తుందో చూసుకుని అడగాల, లేకపోతే ఒకరోజు పండగ చేసి ఫొటోలు దిగి పోతారు, సోమవారం మళ్ళీ మాథ్సే.

ముందు మీకు న్యాయంగా రావాల్సింది అడగండి. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్లోనే ఉంది, 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే ఆర్ట్‌కి, ఆటలకి, వర్క్ ఎడ్యుకేషన్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలని. మీ స్కూల్లో ఆ లెక్క దాటితే హెచ్ఎం గారితో, తల్లిదండ్రుల కమిటీ తీర్మానం జతచేసి, ఎంఈఓ ఆఫీసులో కాగితం పెట్టించండి. రేపే మనిషిని వేస్తారని నేను చెప్పను, కానీ కాగితం లేకపోతే అసలు ఖాళీ ఉందని ఎవురికి తెలుస్తుంది?

ఇంక సంస్థలు. అందరికీ తెలిసింది స్పిక్ మెకే. ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ కిరణ్ సేఠ్ 1977లో మొదలుపెట్టారు, పెద్ద పెద్ద విద్వాంసుల్ని స్కూళ్ళకీ కాలేజీలకీ తీసుకొచ్చి పిల్లల ముందే పాడించడం, ఆడించడం, మధ్యలో ఆపి ఇది రాగం, ఇది తాళం అని చెప్పించడం వాళ్ళ పద్ధతి. ఎక్కువ పని వాలంటీర్లతోనే నడుస్తుంది, పిల్లల దగ్గర టికెట్ తీసుకోరు. ఆ పెద్దాయన 2022లో డెబ్బై దాటిన వయసులో శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి సైకిలెక్కాడు ఈ పని కోసమే, మనకేమో పక్క మండలానికి పోవాలంటే బస్సు లేదంటాం. సరే, వాళ్ళని పిలవాలంటే దగ్గర్లో వాళ్ళ చాప్టర్ (శాఖ) ఉన్న కాలేజీ క్యాంపస్ ఏదో కనుక్కుని ముందే మాట్లాడుకోవాల, పదిరోజుల ముందు అడిగితే కుదరదు.

ఒకమాట చెప్తా, ఏమనుకోకండి. ఇట్లాంటి ప్రోగ్రామ్ ఒకటి ఒక స్కూల్లో చూశా. ఆర్టిస్టు వచ్చి కూర్చునుంది, గజ్జెలు కట్టుకుని రెడీ. పిల్లలు ఎండలో నేలమీద. మైకు పట్టుకున్న పెద్దలు ఒకరి తర్వాత ఒకరు, శాలువాలు, మళ్ళీ శాలువాలు. ఆమెకి చివర్లో మిగిలింది అరగంట, అప్పటికి సగంమంది పిల్లలు నీళ్ళకుండ దగ్గరుండారు. మీరు పెట్టేపనైతే ఉపన్యాసాలు ఐదు నిమిషాల్లో కట్ చేయండి, స్టేజీ వద్దు, ఒక పెద్ద క్లాస్‌రూమ్‌లో చాప వేస్తే చాలు.

మీకు అంతకంటే బాగా పనికొచ్చేది సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) అని నా ఉద్దేశం. 1979 నుంచి ఉంది, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేస్తుంది, మనకి దగ్గర సెంటర్ హైదరాబాద్ మాదాపూర్‌లో. వీళ్ళు పిల్లలకంటే ముందు టీచర్లకి నేర్పిస్తారు, అదీ డ్రాయింగ్ మాస్టర్లకే కాదు, సోషల్, సైన్స్, తెలుగు ఏది చెప్పేవాళ్ళకైనా. మట్టిపని, పాట, తోలుబొమ్మలు, పాత గుళ్ళు చూపించి వాటితో పాఠం ఎట్లా చెప్పాలో అవన్నీ. టీచర్ల పేర్లు విద్యాశాఖ నుంచి పోవాల కాబట్టి డీఈఓ ఆఫీసులో చెప్పి పెట్టండి, ఎవురూ పోనంటే మీ పేరు ఇస్తారు, నిజంగా చాలాసార్లు అట్లే జరుగుతుంది. మీరు నేర్చుకొస్తే అది రిటైరయ్యేదాకా మీ స్కూల్లోనే ఉంటుంది, కచేరీ అయితే సాయంత్రానికి వెళ్ళిపోతుంది.

బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అని ఒకటుంది, 1993లో పెట్టింది. కళి-కలిసు అనే పథకం కింద సర్కారు బడి టీచర్లకే డబ్బులిచ్చి వాళ్ళ ఊరి కళతో పిల్లలచేత ప్రాజెక్టు చేయిస్తారు. అది కర్ణాటక స్కూళ్ళకి, పలమనేరు దాటి అవతలకి పోతే వర్తిస్తుంది, మనకి కాదు. కానీ వాళ్ళ ఆలోచన మనం తీసుకోవచ్చు, దానికి ఎవురి పర్మిషనూ అక్కర్లేదు కదా.

అంటే మీ చుట్టుపక్కల ఏముందో చూడండి. శ్రీకాళహస్తి ఉంది. కలంకారీ అంటే చీర మీద డిజైన్ అనుకుంటారు పిల్లలు. ఒక పనిమంతుణ్ణి పిలిచి ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టండి. ఆ కలం ఏముంటుంది, వెదురు పుల్ల, కొసకి పైన గుడ్డ చుట్టి దారం కట్టుంటారు, రంగులో ముంచి వేళ్ళతో ఆ గుడ్డని నొక్కితే గీత దిగుతుంది. గుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెట్టుంటారు. నల్లరంగు ఎట్లా వచ్చిందంటే పాత ఇనపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి చాలా రోజులు మురగబెట్టిన నీళ్ళు. ఆ నీళ్ళు చూస్తే అంత నలుపుండదు, కరక్కాయ పట్టిన గుడ్డమీద గీయంగానే కళ్ళముందే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయలోని టానిన్ కలిస్తే జరిగేది అది, మీ సైన్స్ సార్‌ని పక్కన నిలబెట్టి ఆ ముక్క ఆయన చేత చెప్పించండి, పీరియడ్ లాక్కున్నందుకు ఆయన బాకీ తీరిపోతుంది. పాలు ఎందుకయ్యా అని పిల్లలు అడుగుతారు, రంగు గుడ్డలో అలుక్కోకుండా గీత నిలబడేదానికి. అదే కలం పిల్లల చేతికిస్తే మొదట అన్నీ మరకలే పడతాయి, పడనీండి. ఈ పనికి కాళహస్తి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందని కూడా చెప్పండి, మన జిల్లా పిల్లలకే చాలామందికి తెలీదు.

పాటకైతే తిరుపతిలో టీటీడీ వాళ్ళ ఎస్వీ సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది. అక్కడ కోర్సు పూర్తిచేసి సరైన పని దొరక్క ఉన్నవాళ్ళు తిరుపతిలో చాలామందే ఉంటారు. వారానికి ఒకరోజు రమ్మని, బస్సు ఛార్జీ పైన కొంత డబ్బు, పూర్వ విద్యార్థుల దగ్గర వసూలు చేసి ఇవ్వండి. ఊరికే రమ్మనొద్దు, కళ కదా సేవ చేయండి అనేది మనకి పెద్ద అలవాటైపోయింది, మాథ్స్ ట్యూషన్ ఎవరైనా సేవగా చెప్తారా?

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్ళు, తిరుపతిలో వయొలిన్ నేర్చుకుంటోంది, టీచర్ బాగుందంటారు. ఫీజు కొంచెం బరువుగా ఉంది, స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా?
– ఒక అమ్మ, తిరుపతి

జవాబు: ఉందమ్మా. పైన చెప్పిన సీసీఆర్‌టీ వాళ్ళే ఇస్తారు, కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ అని. 10 నుంచి 14 ఏళ్ళ లోపు, గుర్తింపు ఉన్న స్కూల్లో చదువుతూ ఉండాల. దేశం మొత్తానికి 650 ఇస్తారు, సంగీతం, నాట్యం, బొమ్మలు, జానపదం అన్నీ కలిపి. డబ్బు పెద్దదేం కాదు, ఏడాదికి 3600, దానిపైన టీచర్‌కి కట్టే ఫీజు 9000 దాకా తిరిగిస్తారు. కానీ రెండేళ్ళకోసారి రెన్యువల్ చేస్తూ 20 ఏళ్ళ దాకా పోతుంది, మధ్యలో మానేయకుండా పిల్లని పట్టి ఉంచేది అదే. సెలెక్షన్‌లో ముందర కూర్చుని వాయించాల కాబట్టి రెండు మూడు కీర్తనలు కాదు, సరళీవరసలు, అలంకారాలు శుద్ధంగా ఉండేట్లు చూసుకోండి. అప్లికేషన్ ఎప్పుడు పిలుస్తారో వాళ్ళ వెబ్‌సైట్లో చూస్తా ఉండండి, వాట్సాప్‌లో వచ్చే పాత నోటిఫికేషన్లు నమ్మొద్దు.

ప్రశ్న: సీబీఎస్ఈ స్కూల్లో ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టు అంటారు, చార్టు కొనేది నేను, అతికించేది నేను, రాత్రి పన్నెండింటికి గ్లిట్టర్ నేల మీదంతా. ఇది ఎవరికోసం?
– ఒక నాన్న, చిత్తూరు

జవాబు: మీకోసమైతే కాదు సార్! 2020-21 నుంచి 10వ క్లాసు దాకా అది తప్పనిసరి చేశారు, ప్రాజెక్టులో కేంద్రం జోడీగా కలిపిన రాష్ట్రం కళ ఉండాలంటారు, ఆంధ్రాకి జోడీ పంజాబ్ కాబట్టి అందరూ ఫుల్కారీ (అక్కడి దారం కుట్టుపని) ప్రింటవుట్ తీసి అతికిస్తున్నారు. అసలు ఉద్దేశం పాఠాన్ని బొమ్మతోనో పాటతోనో అర్థం చేసుకోమని. ఈసారి మీవాడికి పాత గుడ్డ, సూది, దారం ఇచ్చి ఒక్క పువ్వు కుట్టమనండి, దారాలు లెక్కపెట్టుకుంటా కుడతారు దాన్ని, సిమెట్రీ పాఠం అందులోనే వచ్చేస్తుంది. వంకరగా వచ్చినా అదే పంపండి. మార్కులు తగ్గాయంటే పేరెంట్స్ మీటింగ్‌లో గట్టిగా అడగండి, నలుగురు నాన్నలు కలిసి అడిగితే స్కూలే మారుతుంది.

ప్రశ్న: మా నాయన ఊళ్ళల్లో జరిగే భారతం ఉత్సవంలో వీధినాటకం కడతాడు, ఈమధ్య మావాడు కూడా వెనకే పోతున్నాడు. తొమ్మిదో క్లాసు, పధ్నాలుగు ఇంకా నిండలా. చదువు చెడిపోతుందని ఇంట్లో గొడవ. ఆపేయమంటారా?
– కార్వేటినగరం నుంచి

జవాబు: ఆపొద్దు. పద్ధెనిమిది రోజుల భారతంలో పద్యం, రాగం, వేషం, అడుగు అన్నీ తాత దగ్గర ఫ్రీగా నేర్చుకుంటున్నాడు, ఇంకొకరు దీనికి డబ్బులు కట్టి పోతారు. సారంగపాణి కవి పదాలు (పాటలు) పుట్టిన ఊళ్ళో ఉండి ఆపేదేంది నాయనా. సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్‌లో వంశపారంపర్యంగా కళ చేసే ఇళ్ళ పిల్లలకి వేరే కోటా ఉంది, వాడి వయసు దాటకముందే అప్లై చేయండి. ఇంకా, 2015 నుంచి 9 నుంచి 12 తరగతుల పిల్లలకి కేంద్రం కళా ఉత్సవ్ పెడుతోంది, జిల్లా, రాష్ట్రం, దేశం అని మెట్లుంటాయి, నాటకం కూడా ఉంది అందులో. స్కూలు ద్వారానే పేరు పోవాల కాబట్టి హెచ్ఎంని కలవండి, వాళ్ళకి తెలీదంటే మీ ఊళ్ళోనే టీచర్ ట్రైనింగ్ ఇచ్చే డైట్ కాలేజీ ఉంది కదా, నడిచి పోయి అడగండి. చదువు సంగతంటారా, పరీక్షలు మార్చిలో, భారతాలు ఎక్కువగా ఎండాకాలం నుంచి, రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. ఈలోపు రిహార్సల్ రాత్రి తొమ్మిదికల్లా ముగించమని తాతకి చెప్పండి, మీరు చెప్తే వినడేమో, పిల్లోడి అమ్మచేత చెప్పించండి.