డిజైన్ ప్యాటర్న్స్ నేర్చుకుంటే కోడ్ నిజంగా బాగుపడుతుందా?

డిజైన్ ప్యాటర్న్స్ (కోడ్‌లో తరచూ వచ్చే సమస్యలకు పేరుపెట్టిన రెడీమేడ్ పరిష్కారాలు) ఇప్పటికీ అవసరమా, వాటివల్ల కోడ్ క్వాలిటీ పెరుగుతుందా అని అడిగారు. పన్నెండేళ్లుగా జావాలోనే పనిచేస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్తాను: కాలం చెల్లిన ప్యాటర్న్ చేసినంత చెరుపు, ఏ ప్యాటర్నూ లేని కోడ్ కూడా చేయదు.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరిన కొత్తలో నాకు బిల్లింగ్ అప్లికేషన్ అప్పగించారు. నెలాఖరు వచ్చిందంటే టెన్షన్. కొందరి బిల్లుల్లో గడువు తేదీ తప్పు పడేది, ఒకరి తేదీ ఇంకొకరికి వెళ్లేది, ఒక్కోసారి ఎక్కడా లేని సంవత్సరం వచ్చేది. మా మెషీన్లలో నడిపితే ఒక్కసారి కూడా రాదు. మూడు రాత్రులు కూర్చుని లాగ్‌లు చదివితే చివరికి దొరికింది. తేదీలు చూసే క్లాస్ ఒక సింగిల్టన్, అంటే ప్రోగ్రామ్ మొత్తానికి ఒకే ఆబ్జెక్ట్ ఉండే ప్యాటర్న్. దాని లోపల అందరికీ కలిపి ఒకే సింపుల్‌డేట్‌ఫార్మాట్ (తేదీలను చదివి, రాసే జావా క్లాస్). అది థ్రెడ్-సేఫ్ కాదు, అంటే ఒకేసారి నడిచే పనులు (థ్రెడ్‌లు) కలిసి వాడితే భద్రం కాదు; ఇద్దరి రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే ఒకదాని విలువలు ఇంకోదానిలో కలిసిపోతాయి. నెలాఖరున రద్దీ ఎక్కువ కాబట్టి అప్పుడే బయటపడేది. మొదట్లో అది ఒక్కరే వాడే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అట, అక్కడ ఆ సింగిల్టన్ చక్కగా సరిపోయింది. తర్వాత దాన్ని అలాగే తెచ్చి వెబ్ సర్వర్‌లో పెట్టారు. అదే పని చేసే, జావా 8లో వచ్చిన డేట్‌టైమ్‌ఫార్మాటర్ ఒకసారి తయారయ్యాక మారదు, ఎన్ని థ్రెడ్‌లు వాడినా ఇబ్బంది లేదు. దాన్ని పెట్టడానికి పది లైన్లు కూడా పట్టలేదు.

1994లో నలుగురు రచయితలు 23 ప్యాటర్న్‌లతో పుస్తకం వేసినప్పుడు వాళ్ల ఉదాహరణలు సీ++, స్మాల్‌టాక్‌లలో ఉండేవి. రెండేళ్లకే, 1996లో, కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నార్విగ్ వాటిలో 16 డైనమిక్ భాషల్లో (విలువల రకాలను ప్రోగ్రామ్ నడిచేటప్పుడే చూసే భాషల్లో) కనిపించకుండా పోతాయని, లేదా బాగా తేలికవుతాయని చూపించాడు. భాషలో లేని సదుపాయాన్ని మనం చేత్తో కట్టుకోవడమే చాలా ప్యాటర్న్‌ల పని. 2014లో జావాకి లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) వచ్చాక, చిన్న డిస్కౌంట్ లెక్క కోసం స్ట్రాటజీ ఇంటర్‌ఫేస్ (లెక్క పద్ధతిని మార్చుకునే ప్యాటర్న్), దాని కింద నాలుగు క్లాసులు, వాటి ఆబ్జెక్టులు తయారుచేయడానికో ఫ్యాక్టరీ ఎందుకండీ? ఇప్పటికీ రివ్యూకి అలాంటివే వస్తున్నాయి, చదివేవాడు ఆరు ఫైళ్లు తెరిస్తే గానీ అసలు లెక్క కనపడదు.

దీనికి సగం కారణం ఇంటర్వ్యూలే. సింగిల్టన్ రాయమంటారు, పిల్లలు డబుల్ చెక్డ్ లాకింగ్ (లాక్‌కి ముందూ తర్వాతా చూసి ఒకే ఆబ్జెక్ట్ తయారుచేసే పద్ధతి) బట్టీపట్టి వచ్చి రాసేస్తారు. అందులో వోలటైల్ (ఒక థ్రెడ్ మార్చిన విలువ మిగతా థ్రెడ్‌లకు కనిపించేలా చేసే మాట) ఎందుకుందో, 2004లో జావా 5 రాకముందు అది పెట్టినా ఎందుకు నమ్మకం ఉండేది కాదో ఎవరూ అడగరు. సింగిల్టన్ ఎక్కడ వాడకూడదో అసలే అడగరు.

నేర్చుకోండి, కానీ ముందు మీ ప్రాజెక్టులో గెట్‌ఇన్‌స్టన్స్ (సింగిల్టన్ ఆబ్జెక్ట్‌ని ఇచ్చే మెథడ్‌కి మామూలుగా పెట్టే పేరు) అని వెతికి, ఆ క్లాసుల్లో విలువ మారే ఫీల్డ్ ఏదైనా ఉందేమో ఈరోజే చూడండి.