రెండు అనుపాతాల పరీక్ష: ఎప్పుడు కలపాలి, ఎప్పుడు విడిగా ఉంచాలి

రెండు అనుపాతాల (గుంపులో ఒక లక్షణం ఉన్నవారి వాటాల) తేడాను పరీక్షించేటప్పుడు శాంపిళ్లను కలిపి ఒకే అనుపాతం లెక్కించి, విశ్వాస అంతరానికి (అసలు తేడా ఏ హద్దుల మధ్య ఉండవచ్చో చెప్పే అంచనాకు) మాత్రం విడివిడిగా ఎందుకు వేస్తారని మీరు అడిగారు. డిగ్రీలో నేనూ ఈ రెంటినీ తారుమారు చేసి మార్కులు పోగొట్టుకున్నాను. దిద్దిన జవాబు పత్రంలో నా సూత్రం పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న ఉంది: "శూన్య పరికల్పన ఏమంటోంది?"

శూన్య పరికల్పన అంటే పరీక్ష మొదలుపెట్టేటప్పుడు నిజమనుకునే ఊహ; ఇక్కడ రెండు జనాభాల్లోనూ అనుపాతం ఒకటేనని అది అంటోంది. పరీక్ష సాగినంతసేపూ ఆ మాట నిజమనుకునే లెక్క వేస్తాం కాబట్టి, ఆ ఒక్క అనుపాతాన్ని అంచనా కట్టడానికి చేతిలో ఉన్న దత్తాంశమంతా కలిపి వాడుకోవాలి. విశ్వాస అంతరం దగ్గర అటువంటి ఊహ ఏదీ లేదు కనుక కలపడానికి ఆధారమూ లేదు.

నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించింది పాఠాల్లో తరచూ వచ్చే ఆస్పిరిన్ ఉదాహరణ. అమెరికా వైద్యులపై జరిగిన ఆ అధ్యయనపు 1988 నాటి తొలి నివేదిక ప్రకారం, ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో 104 మందికి, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్న 11,034 మందిలో 189 మందికి గుండెపోటు వచ్చింది. కలిపి వేసినా విడిగా వేసినా ప్రామాణిక దోషం (శాంపిల్ మారితే తేడా ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత) 0.00154, తేడాను ఆ దోషంతో భాగిస్తే వచ్చే జెడ్ విలువ 5.0. శాంపిళ్లు దాదాపు సమానం కావడంతో రెండు పద్ధతుల మధ్య తేడా పైకి కనబడదు.

శాంపిళ్ల పరిమాణాలు బాగా తేడాగా ఉన్న లెక్క ఒకటి కల్పించి చూడండి: 40 మందిలో 4, 400 మందిలో 100. కలిపితే అనుపాతం 0.236, ప్రామాణిక దోషం 0.0705, జెడ్ 2.13, విడిగా వేస్తే దోషం 0.0521కి తగ్గి జెడ్ 2.88కి పెరుగుతుంది. ఒక శాతం సార్థకత స్థాయిలో (శూన్య పరికల్పన నిజమైనా పొరపాటున తిరస్కరించే అవకాశం ఒక శాతమే ఉండేలా) జెడ్ దాటాల్సిన హద్దు 2.58 కనుక, విడిగా వేసే సూత్రం శూన్య పరికల్పనను తిరస్కరిస్తుంది, కలిపి వేసేది తిరస్కరించదు.

మీ లెక్కను సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది: కలిపి వేసిన జెడ్ వర్గం, అవే అంకెలను రెండు గుంపులు, లక్షణం ఉన్నవారు-లేనివారుగా పేర్చిన నాలుగు గళ్ల పట్టికపై వేసిన కై-వర్గ విలువకు (ఆ గళ్లలోని అంకెలు శూన్య పరికల్పన ప్రకారం రావలసిన వాటికి ఎంత దూరమో చెప్పే కొలతకు) సరిగ్గా సమానం కావాలి. సాఫ్ట్‌వేర్‌లో అలా రాకపోతే ముందుగా యేట్స్ సవరణ (కై-వర్గ విలువను కాస్త తగ్గించే సర్దుబాటు) అమల్లో ఉందేమో చూడండి, గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో అనుపాతాలను పరీక్షించే ప్రాప్.టెస్ట్ ఆదేశం మనం చెప్పకుండానే దాన్ని వేస్తుంది.