టెక్ సందేహాలు: సాగర్‌లో మునిగిన ఊరి కొండలు, స్క్రీన్ మీద మెట్లు మెట్లుగా ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: అన్నా నమస్తే. మా తాతయ్య వాళ్ళ ఊరు నాగార్జునసాగర్ నీళ్ళ కింద పోయింది. డ్యామ్‌కి ముందు నాటి పాత ఇంచి మ్యాప్ (ఒక ఇంచికి ఒక మైలు లెక్కన గీసిన సర్వే మ్యాప్) స్కాన్ ఒకటి దొరికితే కాంటూర్ గీతలన్నీ (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) క్యూజీఐఎస్ అనే ఫ్రీ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో రెండు నెలలు కూర్చుని గీశాను, అక్కడక్కడ కనిపించిన ఎత్తు అంకెలు కూడా పాయింట్లుగా వేశాను. టిన్ ఇంటర్‌పొలేషన్ (గీతల మధ్య ఎత్తులు లెక్కగట్టే టూల్) కొట్టి 3డీలో చూస్తే కొండలు మెట్లు మెట్లుగా, చిన్న గుట్టలైతే నెత్తిన కత్తితో కోసేసినట్టు వస్తున్నాయి. ఒకచోట పెద్ద గొయ్యి. నాన్నమ్మకి చూపిద్దామనుకున్నా. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు, అందుకేనా? (మాచర్ల నుంచి ఒక తమ్ముడు)

జవాబు: కాదు తమ్ముడూ, ల్యాప్‌టాప్ తప్పేం లేదు, నువ్వు గీసింది కూడా బాగానే ఉంది. స్క్రీన్‌షాట్లు జూమ్ చేసి చూశాను, ఒక్క గీత కూడా ఇంకోదాన్ని దాటలేదు, అంత ఓపికగా గీసేవాళ్ళు తక్కువ. అసలు విషయం ఏంటంటే కంప్యూటర్‌కి నువ్విచ్చిన గీతలే తెలుసు, గీతకీ గీతకీ మధ్య ఏముందో దానికి తెలీదు. టిన్ అంటే దగ్గర దగ్గర పాయింట్లని మూడేసి కలిపి త్రికోణాలు అల్లుకుంటూ పోవడం. గుట్ట నెత్తిమీద చివరి చుట్టు 650 అనుకో, దాని లోపల ఇంకే పాయింటూ లేకపోతే త్రికోణం మూడు మూలలూ 650 అవుతాయి, ఇంక చదునుగా కాక ఎలా వస్తుంది? వాగు లోపలికి గీత మలుపు తిరిగే చోట కూడా ఇదే కథ, మూడు మూలలూ ఒకే గీతవి, అవే నీకు మెట్లలా కనిపిస్తున్నాయి.

కాబట్టి మధ్యలో ఏముందో నువ్వే చెప్పాలి. గుట్ట పైన అంకె అచ్చయి ఉంటే అది వెయ్యి. చాలా చిన్న గుట్టలకి ఉండదు, అప్పుడు ఆలోచించు, గీతల మధ్య తేడా 50 అడుగులు, చివరి చుట్టు 650, అంటే శిఖరం 650కి పైన 700కి లోపు ఎక్కడో ఉంది, 670 అని ఒక పాయింట్ పెట్టు, పక్క కాలమ్‌లో "అంచనా" అని రాసుకో, రేపు ఎవరైనా అడిగితే ఏది మ్యాప్‌దో ఏది నీదో తేడా తెలియాలి కదా. వాగులకైతే వాగు ఒక గీతని దాటే చోటు నుంచి పై గీతని దాటే చోటు దాకా నాలుగైదు పాయింట్లు పెట్టి ఎత్తుని సమానంగా పంచు, 450, 460, 470 అలా. కొండ వెన్నులకీ ఇదే పద్ధతి. నిజంగా చెప్తున్నా, వాగులు వేశాక లోయ ప్రాణం పోసుకున్నట్టు మారిపోతుంది, మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఇక ఆ గొయ్యి. ఆ చోట మ్యాప్‌లో చెరువు కట్ట ఉంది చూడు, దాని పక్కన 12 అంకె, అంకెని ఆనుకుని చిన్న ఇంగ్లీషు ఆర్ అక్షరం. సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఆ ఆర్ ఉంటే సముద్రమట్టం నుంచి కాదు, పక్క నేల నుంచి అంత ఎత్తు అని అర్థం. కట్ట 12 అడుగుల ఎత్తు, అంతే. నువ్వు 12 అని పాయింట్ వేసేసరికి చుట్టూ ఐదొందల అడుగుల నేల మధ్యలో పాతాళం వచ్చింది. తీసెయ్.

ఇంకోటి, ఇంచి షీట్లలో ఎత్తులు అడుగుల్లో ఉంటాయి, మ్యాప్‌ని భూమ్మీద సరైన చోట కూర్చోబెట్టే కొలతల పద్ధతి, మీ వైపుకి యూటీఎం 44 నార్త్, దాని లెక్క మొత్తం మీటర్లలో. ఎత్తు కాలమ్‌ని 0.3048తో గుణించకపోతే కొండలు మూడింతలు పైకి లేస్తాయి.

"ఇదంతా ఎందుకు, భువన్‌లో రెడీమేడ్ కార్టోడెమ్ ఉందిగా" అని నల్గొండ నుంచి ఒక మేడమ్ గారు కూడా అడిగారు. భువన్ అంటే ఇస్రో మ్యాప్ వెబ్‌సైట్, కార్టోడెమ్ అంటే కార్టోశాట్-1 ఉపగ్రహం ఫొటోల నుంచి తయారుచేసిన నేల ఎత్తుల డేటా. మామూలు కొండలకైతే అదే వాడండి మేడమ్, హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ళు ఫ్రీగా ఇస్తున్నారు, సుమారు 30 మీటర్లకో ఎత్తు చొప్పున ఉండే డేటా, స్కూల్ ప్రాజెక్టుకి బోలెడు. కానీ ఈ తమ్ముడి కేసు వేరు. కార్టోశాట్-1 వెళ్ళింది 2005లో, ఇలాంటిదే ఇంకో ఎత్తుల డేటా ఎస్ఆర్‌టీఎం కోసం అమెరికా ఎండీవర్ షటిల్ తిరిగింది 2000 ఫిబ్రవరిలో, సాగర్ పునాది రాయి పడింది 1955లో. పైనుంచి చూసిన వాటికి అక్కడ కనిపించేది నీళ్ళ పైభాగం, పలకలా చదును. నాగార్జునకొండ లోయ, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగిన ఆ నేల, దాని వాగులు, కట్టలు, ఆ రూపం మిగిలింది ఇలాంటి పాత కాగితాల మీదే. అందుకే ఆ గీతల్ని చేత్తో గీయడం దండగ పని కాదంటాను.

తమ్ముడూ, కొండలు సరిగ్గా వచ్చాక ఒకటి చెయ్. లోయ మొత్తం కప్పేలా ఒక పాలిగాన్ (మూసిన ఆకారం) గీసి 3డీలో దాని ఎత్తు 179.83 మీటర్లు, ఆబ్సల్యూట్ (నేల నుంచి కాదు, సముద్రమట్టం నుంచి) అని పెట్టు, నీలం రంగు, సగం ట్రాన్స్‌పరెంట్. అది సాగర్ పూర్తి నీటిమట్టం, 590 అడుగులు. వర్టికల్ స్కేల్ (ఎత్తుని ఎన్నింతలు సాగదీయాలో చెప్పే అంకె) మాత్రం 1 దగ్గరే ఉంచు, లేకపోతే కొండలు ఒక లెక్కలో నీళ్ళు ఒక లెక్కలో ఉండే ప్రమాదం ఉంది. నాన్నమ్మకి చూపించేటప్పుడు ముందు ఆ నీలం లేయర్ ఆపేసి చూపించు. వాగు ఎటు పారేదో, చెరువు ఎక్కడుండేదో ఆవిడ చూసి చెప్తారు, చెప్పినచోట పాయింట్ పెట్టి పేరు ఆవిడ పలికినట్టే టైప్ చెయ్.