ఫ్రాంక్లిన్ పేరుతో తిరుగుతున్న ఆ మాట ఎక్కడ పుట్టింది?

యూదులను దేశంలోకి రానివ్వొద్దని 1787 అమెరికా రాజ్యాంగ సభలో, ఆ దేశ నిర్మాతల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ హెచ్చరించారంటూ మీ బాబాయి గారు పంపిన మెసేజ్ నిజమేనా అని అడిగారు. కాదండీ, పచ్చి ఫోర్జరీ.

ఇలాంటి వాటిలో ఆ మాట మొదట ఎప్పుడు అచ్చయిందో చూడాలి. ఇది బయటికొచ్చింది 1934 ఫిబ్రవరిలో, అంటే ఫ్రాంక్లిన్ పోయిన దాదాపు 144 ఏళ్లకు! వేసింది అమెరికాలో హిట్లర్ భక్తుడైన విలియం డడ్లీ పెల్లీ పత్రిక 'లిబరేషన్'. ఆ రాజ్యాంగ సభ సభ్యుడు చార్లెస్ పింక్నీ డైరీలో ఉందన్నారు గానీ, ఆ డైరీని ఇంతవరకు ఎవరూ చూపించలేదు. చరిత్రకారుడు చార్లెస్ బియర్డ్ అప్పట్లోనే గాలించి, ఆధారం ఎక్కడా లేదని, ఆ భాష 18వ శతాబ్దానిదే కాదని తేల్చేశారు.

నిజంగా దొరికే రికార్డు వేరే ఉంది. 1788లో ఫిలడెల్ఫియాలోని మిక్వె ఇజ్రాయెల్ యూదు ప్రార్థనా మందిరం అప్పుల్లో ఉంటే, చందా పట్టీలో సంతకం పెట్టి 5 పౌండ్లు ఇచ్చారు ఫ్రాంక్లిన్. బాబాయి గారికి ముందు ఇదే చెప్పండి. గ్రూపులో అందరి ముందూ వద్దు, విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. ఆ డైరీ ఏ లైబ్రరీలో ఉందో మెసేజ్ పంపినవాళ్లను అడగమనండి.