ముంబై ఉండగా హైదరాబాద్‌లో మరో క్లౌడ్ రీజియన్ ఎందుకు?

కంప్యూటర్లను, స్టోరేజీని ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే క్లౌడ్ సంస్థ అమెజాన్ వెబ్ సర్వీసెస్‌కు 2016 నుంచే ముంబైలో రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల సముదాయం) ఉండగా, 2022 నవంబరులో హైదరాబాద్‌లో రెండోది తెరవడానికి వేగమే కారణమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది చిన్న కారణం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, హైదరాబాద్ నుంచి దాదాపు 3,300 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌కు సమాచారం వెళ్లి రావడానికి కనీసం 33 మిల్లీసెకన్లు పడితే, ముంబైకి ఆరేడు సరిపోతాయి. కేబుళ్ల వంకరలు, రౌటర్ల జాప్యం దీనికి అదనం. అంటే వేగం విషయంలో అసలు లాభం ముంబైతోనే వచ్చేసింది.

పెద్ద కారణం నిబంధనలు. చెల్లింపుల సమాచారమంతా భారత్‌లోనే భద్రపరచాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. విదేశంలో ప్రాసెస్ చేసినా, అక్కడి ప్రతిని తొలగించి ఒక పనిదినం లేదా 24 గంటలు, ఏది ముందైతే ఆ లోపు ఇక్కడికి తేవాలి. ముంబై కేంద్రం వరదలతోనో మరో విపత్తుతోనో ఆగిపోతే ఆదుకోవాల్సిన రెండో ప్రతిని దూరంగా, అయినా దేశం లోపలే, అదే సంస్థ క్లౌడ్‌లో ఉంచడానికి హైదరాబాద్ వీలు కల్పించింది. అయితే రీజియన్ ఎంచుకోగానే పని పూర్తికాదు. బ్యాకప్‌లు, లాగ్‌లు (వ్యవస్థలో జరిగిన పనుల నమోదులు) ఎక్కడికి చేరుతున్నాయో విడిగా చూసుకోవాలి.